ఆమోదానికి ముందే ప్రకటన: మెగా మ్యాన్ లెజెండ్స్ 3 రద్దుపై కేస్ స్టడీ

2011 జూలై 18న జపాన్ గేమ్ సంస్థ క్యాప్‌కామ్ ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ హ్యాండ్‌హెల్డ్ కోసం తయారవుతున్న మెగా మ్యాన్ లెజెండ్స్ 3 నిర్దేశించిన ప్రమాణాలను అందుకోలేదనీ, అందువల్ల ఆటనూ, దానికి ముందు రావలసిన ప్రోటోటైప్ (నమూనా) వెర్షన్‌నూ ఆపేస్తున్నామనీ దాని సారాంశం. ఆటను లోకానికి పరిచయం చేసి అప్పటికి పది నెలలు కూడా నిండలేదు.

ఆటలు మధ్యలో ఆగిపోవడం మా రంగంలో వింత కాదు. మొదలైన వాటిలో చాలా ఆటలు బయటివాళ్ల కంట పడకుండానే కనుమరుగవుతాయి. అలా కావడమే అందరికీ మంచిది కూడా. గేమ్ ప్రాజెక్టుల నిర్వహణలో పనిచేసే నాకు ఈ కేసులో పట్టి చూడవలసింది రద్దు నిర్ణయం కన్నా దానికి ముందు నడిచిన క్రమం అనిపిస్తుంది. తుది ఆమోదం లేని ప్రాజెక్టును ప్రకటించారు. ప్రకటించాక అభిమానులను పనిలోకి పిలిచారు. వాళ్లు వచ్చి కూర్చున్నాక, ఇంకా ఆమోదం రాలేదని చెప్పారు. విడివిడిగా చూస్తే ఈ మూడింటిలో ఏదీ నేరం కాదు. వరుసే బెడిసికొట్టింది.

పదేళ్ల నిరీక్షణ

లెజెండ్స్ శాఖ మొదలైంది 1997 డిసెంబరులో, జపాన్‌లో ప్లేస్టేషన్ మీద. పక్కకు పరుగెత్తుతూ కాల్చే పాత మెగా మ్యాన్ ఆటలకు ఇది దూరపు చుట్టం. త్రీడీ పట్టణాలు, నేల అడుగున శిథిలాలు, ఆకాశ నౌకల్లో తిరిగే దొంగల కుటుంబం, ఊరివాళ్లతో కబుర్లు, అన్నీ కలిసిన సాహసగాథ. 2000లో రెండో భాగం వచ్చింది. కథానాయకుడు భూమికి దూరంగా ఎలీసియంలో చిక్కుకుపోయి ఉండగా, అతన్ని తీసుకురావడానికి అతని సహచరి రోల్, దొంగల కుటుంబంలోని ట్రాన్ కలిసి రాకెట్ తయారు చేస్తుండగా ఆ ఆట ముగుస్తుంది. ఆ తరువాత పదేళ్లు ఏమీ లేదు.

ఇలాంటి తెగని ముగింపు పబ్లిషర్‌కు ఆస్తే, అయితే లెక్కల్లో పొరపాటు చేయించే ఆస్తి. అభిమానుల పట్టుదల ఏటేటా పెరుగుతుంది, వాళ్ల సంఖ్య పెరగదు. ఆ రెండు ఆటలూ అమ్మకాల్లో సంచలనాలు కావు. తీవ్రతను సంఖ్యగా పొరబడే ప్రమాదం అక్కడే ఉంది. మూడో భాగం బడ్జెట్ వేసే ఎవరైనా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, ఈ కథ ముగింపు కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు తోడు మొదటి రెండూ ఆడనివాళ్లు ఎంతమంది వస్తారన్నది. కథ మధ్యలో మొదలయ్యే ఆటకు ఇది కొరకరాని ప్రశ్న.

ప్రకటన, పోషకుడి నిష్క్రమణ

2010 సెప్టెంబరు 29న నింటెండో తన కొత్త హ్యాండ్‌హెల్డ్ వివరాలు చెప్పిన రోజునే లెజెండ్స్ 3 వార్త కూడా వచ్చింది. దాని వెనుక నిలబడిన మనిషి కేజి ఇనఫునే. 1987లో చిత్రకారుడిగా క్యాప్‌కామ్‌లో చేరి, ఆటల తయారీ విభాగాలకు పెద్దగా ఎదిగినవాడు. లెజెండ్స్ అంటే తనకు ప్రత్యేకమైన ఇష్టమని దాచుకోలేదు. సరిగ్గా నెల తిరగగానే, అక్టోబరు 29న, సంస్థను వదిలి వెళుతున్నట్లు ఆయన ప్రకటించారు. ప్రాజెక్టు నిర్మాత తత్సుయా కితబయాషి, దర్శకుడు మసకజు ఎగుచి చేతుల్లో మిగిలింది.

పెద్ద సంస్థల్లో పనిచేసినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి ప్రాజెక్టుకూ సమావేశాల్లో దాని తరఫున మాట్లాడే ఒక పోషకుడు ఉంటాడు. లాభం అంచనా బలంగా ఉన్న ప్రాజెక్టుకు ఆ పోషకుడు పోయినా మరొకరు దొరుకుతారు, ఎందుకంటే లెక్కలే దాని తరఫున మాట్లాడతాయి. ఒక మనిషి ఇష్టం మీద నిలిచిన ప్రాజెక్టుకు ఆ వసతి లేదు. బయటి కాంట్రాక్టు కింద అయినా ఆట పూర్తి చేస్తానని తాను అడిగాననీ, సంస్థ ఒప్పుకోలేదనీ ఇనఫునే ఆ తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ తిరస్కారాన్ని కక్షగా చదివినవాళ్లు చాలామంది. నాకు అలా అనిపించదు. రాజీనామా చేసి వెళ్లిన ఉన్నతాధికారికి అదే పనిని వెంటనే బయటి కాంట్రాక్టుగా ఇవ్వడానికి ఏ యాజమాన్యమైనా జంకుతుంది. లోపల మిగిలినవాళ్లకు అది ఏ సంకేతం పంపుతుందో ఆలోచిస్తుంది.

అయితే ఆ నవంబరులోనే చేయవలసిన పని ఒకటి ఉంది. ప్రాజెక్టును కొత్త యాజమాన్యం ముందు మళ్లీ మొదటినుంచి పరీక్షకు పెట్టి, ఉంచుతారో ఆపుతారో అప్పుడే తేల్చుకోవాలి. పోషకుడు మారినప్పుడు పాత ఒప్పుకోళ్లు రద్దయినట్లే లెక్క వేసుకోవడం మంచిది. అప్పుడే ఆపి ఉంటే గొడవ కొన్ని వారాల్లో సద్దుమణిగేది. ఎందుకంటే అభిమానులు ఇంకా ఆ ఆటలో పెద్దగా చెయ్యి పెట్టలేదు.

డెవ్‌రూమ్

చెయ్యి పెట్టించినది డెవ్‌రూమ్. తయారీ గదిని అభిమానులకు తెరిచినట్లుగా క్యాప్‌కామ్ నడిపిన ఆన్‌లైన్ వేదిక ఇది. జపనీస్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. బృందం తన పని విశేషాలు రాసేది, బొమ్మలు చూపేది, ఆలోచనలు పంపమనేది. కొత్త కథానాయిక రూపం కోసం వేర్వేరు చిత్రకారుల డిజైన్లను ముందుపెట్టి ఓటింగ్ జరిపారు. గెలిచిన ఆ అమ్మాయే ఏరో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, బడ్జెట్‌కు తుది సంతకం పడకముందే కథానాయిక ముఖం ఖరారైంది.

ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. అప్పటికి జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వంటి వేదికలు ఆటల రంగంలో ఇంకా ఊపందుకోలేదు. తయారీని ఇంతగా బహిరంగం చేయడం పెద్ద పబ్లిషర్లలో అరుదు. కానీ పని కోణం నుంచి చూస్తే ఇందులో రెండు లోతైన ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది షెడ్యూలు. త్రీడీ ఆటలో ఒక ప్రధాన పాత్ర అంటే రేఖాచిత్రం ఒక్కటే కాదు. చిత్రం ఖరారయ్యాక మోడల్, దానికి టెక్స్చర్ (పైన పరిచే రంగుల పూత), ఎముకల అమరిక, యానిమేషన్, ఆ ముఖానికి తగ్గ సంభాషణలు, గొంతు. ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద ఆధారపడుతుంది. ఓటింగ్ ముగిసేదాకా మోడలింగ్ మొదలు కాదు. హ్యాండ్‌హెల్డ్ మీద ఈ ఇరుకు ఇంకా ఎక్కువ. పాలిగాన్ల (రూపాన్ని కట్టే చిన్న పలకల) లెక్క, మెమరీ లెక్క ముందే గీసి ఉంటాయి. పైగా 3డీఎస్ త్రీడీ కోసం ప్రతి దృశ్యాన్నీ రెండు కళ్లకు రెండుసార్లు గీయాలి. జనానికి నచ్చిన పాత్రకు గాలికి ఎగిరే బట్టలు ఉంటే ఆ భారం ఇంజిన్ మీద పడుతుంది. వీటికి తోడు ప్రతి సందేశాన్నీ రెండు భాషల్లో రాయాలి, వచ్చిన సూచనలను వడగట్టాలి, పంపిన బొమ్మల హక్కులు ఎవరివో తేల్చాలి. ఈ పనులకు బడ్జెట్లో సాధారణంగా గడి కూడా ఉండదు. ప్రోగ్రామర్ల, ఆర్టిస్టుల గంటల్లోంచే అవి తినేస్తాయి.

రెండోది మరీ ముఖ్యం. డెవ్‌రూమ్ కొలిచింది తప్పు వస్తువును. ఓటు వేసేవాడు ఇప్పటికే ఆట కావాలనుకున్నవాడు. వాడికి ఏ కథానాయిక నచ్చుతుందో తెలుసుకోవచ్చు. ఆటకు మార్కెట్ ఎంత అన్నది ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నా తెలియదు. యాజమాన్యానికి కావలసింది రెండో సమాధానం. అభిమానులు మొదటి ప్రశ్నకు పదే పదే, శ్రద్ధగా, ఓపికగా సమాధానం ఇస్తూ, దానివల్ల ఆట బతుకుతుందని నమ్మారు. ఆ నమ్మకాన్ని ఎవరూ సరిదిద్దలేదు.

ప్రశ్న అడగడానికే అనుమతి దొరకని పరీక్ష

2011 వసంతంలో విషయం బయటపడింది. పూర్తి ఆటకు ఇంకా గ్రీన్ సిగ్నల్ రాలేదు, ముందుగా ఒక ప్రోటోటైప్ వెర్షన్ అమ్ముతారు, దాని ఆదరణను బట్టి మిగతాది తేలుతుంది. ధర 1.99 డాలర్లు. 3డీఎస్ డౌన్‌లోడ్ దుకాణమైన ఈషాప్ తెరిచే రోజున అది అందుబాటులో ఉండాలన్నది ప్రణాళిక. అందులో ఆడేది మెగా మ్యాన్‌గా కాదు, బారెట్ అనే కొత్త కుర్రవాడిగా.

ప్రోటోటైప్ అన్నది మా రంగంలో లోపలి పనిముట్టు. నడక బాగుందా, గురి కుదురుతోందా, కెమెరా తల తిప్పుతోందా అని తెలుసుకోవడానికి చేసి, సమాధానం దొరికాక పారేసే వస్తువు. దానిలో గోడలకు రంగు లేకపోయినా ఫరవాలేదు, ఎక్కడో క్రాష్ అయినా ఫరవాలేదు. డబ్బు తీసుకుని అమ్మే క్షణంలో దాని జాతి మారిపోతుంది. కన్సోల్ తయారీదారు నాణ్యతా తనిఖీ నెగ్గాలి. వయసు రేటింగ్ తెచ్చుకోవాలి. అనువాదం, టెస్టింగ్, దుకాణపు పేజీ, కస్టమర్ ఫిర్యాదులు, అన్నీ వచ్చి పడతాయి. పారేయవలసిన కోడ్‌ను మెరుగు దిద్దడానికి వారాలు పోతాయి. ఇంతా చేసి అది ఒక చిన్న ఉత్పత్తి అవుతుంది కాబట్టి, దానికీ విడిగా యాజమాన్యం ఆమోదం కావాలి.

సరిగ్గా అక్కడే పని ఆగింది. మే నెలలో ప్రోటోటైప్ ఈషాప్ ప్రారంభానికి అందదని చెప్పారు. జూన్ 6, 7 తేదీల్లో ఈషాప్ తెరుచుకుంది. ప్రోటోటైప్ రాలేదు. జూలైలో రెండూ రద్దయ్యాయి. ప్రజల తీర్పు కోసం చేసిన పరీక్ష ప్రజల దాకా చేరనేలేదు. కొనేవాళ్లు చెప్పవలసిన ‘కాదు’ అన్న మాటను కంపెనీయే చెప్పింది.

ఇలాంటి ఆలోచనకు క్యాప్‌కామ్‌లోనే అప్పటికి కొత్తగా ఒక ఉదాహరణ ఉంది. 2010 ఆగస్టు 31న ఎక్స్‌బాక్స్ 360 మీద డెడ్ రైజింగ్ 2: కేస్ జీరో అనే చిన్న ఆటను అయిదు డాలర్లకు అమ్మారు. అసలు ఆటకు ముందు జరిగే కథ. జనం ఎగబడి కొన్నారు. పైకి చూస్తే లెజెండ్స్ ప్రోటోటైప్ దానికి తమ్ముడే. కాని కేస్ జీరో వచ్చేనాటికి అసలు ఆట చేతికి అందినట్లే, అదే సెప్టెంబరు నెలాఖరుకు దుకాణాల్లోకి వచ్చేసింది. అంటే కేస్ జీరో డబ్బు తెచ్చిపెట్టే వాణిజ్య ప్రకటన. అది బాగా అమ్ముడుపోకపోయినా డెడ్ రైజింగ్ 2 ఆగదు. లెజెండ్స్ ప్రోటోటైప్ మీద మోపిన బరువు వేరు. బతుకుతుందో లేదో తేల్చే బాధ్యతను రెండు డాలర్ల డౌన్‌లోడ్ మీద వేశారు.

కన్సోల్ లెక్కలు

ఇప్పుడు ఆ పరీక్ష జరిగి ఉంటే ఏం తేలేదో చూద్దాం. 3డీఎస్ జపాన్‌లో 2011 ఫిబ్రవరి 26న, అమెరికాలో మార్చి 27న వచ్చింది. ధర 25,000 యెన్లు, అమెరికాలో 249.99 డాలర్లు. మార్చి నెలాఖరుకు 36.1 లక్షలు పంపిణీ అయ్యాయి. తరువాతి మూడు నెలల్లో ప్రపంచమంతా కలిపి 7.1 లక్షలే. మొత్తం 43.2 లక్షలు. అందులోనూ డౌన్‌లోడ్ దుకాణం జూన్ దాకా లేనే లేదు. వచ్చాక కూడా కన్సోల్‌ను అప్‌డేట్ చేసుకున్నవాళ్లకే అది కనిపిస్తుంది.

ఊహకు ఒక లెక్క వేస్తాను. ఈ అంకెలు నా అంచనాలే. కన్సోల్ ఉన్నవాళ్లలో సగం మంది ఈషాప్‌కు వచ్చారనుకుందాం. వాళ్లలో నూటికి ఇద్దరు ప్రోటోటైప్ కొన్నారనుకుందాం. 43,200 కాపీలు. 1.99 డాలర్ల చొప్పున దాదాపు 86,000 డాలర్లు, దుకాణం వాటా తీసేయకముందు. త్రీడీ సాహస ఆట బడ్జెట్ ముందు ఈ సొమ్ము లెక్కలోకి రాదు. రానక్కరలేదు కూడా, ఎందుకంటే ఇక్కడ కావలసింది సంకేతం. సరే, 43,200 మంచి సంకేతమా, చెడ్డ సంకేతమా? ఇష్టం ఉన్నవాడు, కన్సోల్ ఇంత తక్కువగా ఉన్నప్పుడే ఇంతమంది కొన్నారు చూడండి అంటాడు. ఇష్టం లేనివాడు, అభిమానులంతా కలిసి ఇంతేనా అంటాడు. ఇద్దరికీ అదే అంకె చాలు. ఇన్ని కాపీలు దాటితే ముందుకు, దాటకపోతే ఆపడం అని ముందే రాసి పెట్టుకోని పరీక్ష ఏ వాదననూ తీర్చదు. రద్దు ప్రకటనలో ప్రమాణాలు అన్న మాట ఉంది. ఆ ప్రమాణాలేమిటో మాత్రం అభిమానులకు ముందూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు.

హ్యాండ్‌హెల్డ్ మీద క్యాప్‌కామ్‌కు నమ్మకం పోయిందని కొందరు రాశారు. అది నిలబడే వాదన కాదు. 2010 డిసెంబరులో సోనీ హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీ మీద వచ్చిన క్యాప్‌కామ్ ఆట మాన్‌స్టర్ హంటర్ పోర్టబుల్ 3ఆర్‌డీ జపాన్‌లోనే 40 లక్షలు దాటింది. 2011 డిసెంబరులో అదే సంస్థ 3డీఎస్ మీద మాన్‌స్టర్ హంటర్ 3జీ తెచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే ఆటలకు డబ్బు లేకపోవడం కాదు, అదే డబ్బు, అదే మనుషులు మరోచోట ఎంత తెస్తారన్న పోలికలో లెజెండ్స్ ఓడిపోయి ఉండాలి. 2011 మార్చి నెలాఖరున క్యాప్‌కామ్ మరో ఆట మెగా మ్యాన్ యూనివర్స్ కూడా రద్దయిందన్నది ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. గాలి ఎటు వీస్తోందో అప్పటికే తెలుస్తోంది.

రద్దయిన పది రోజులకు, జూలై 28న, నింటెండో ధర కోత ప్రకటించింది. 25,000 యెన్లు 15,000 అయ్యాయి, 249.99 డాలర్లు 169.99కి దిగాయి. డిసెంబరు నెలాఖరుకు 3డీఎస్ కోటిన్నర దాటింది. చరిత్ర తెలిసిన మనకు ఇది పెద్ద వ్యంగ్యంలా కనిపిస్తుంది గాని, జూలైలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు అది తెలిసే వీలు లేదు. బృందాన్ని ఆరు నెలలు ఊరికే కూర్చోబెట్టి చూద్దామనడానికి జీతాల పట్టిక ఒప్పుకోదు. కాబట్టి ఆపడం అన్న నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కొత్త కన్సోల్ తొలి ఏడాది, అప్పుడే తెరిచిన దుకాణం, పోషకుడు లేని ప్రాజెక్టు, మూడో భాగం. ఈ నాలుగూ ఒక్కచోట చేరిన ప్రతిపాదన నా ముందుకు వచ్చినా సంతకం పెట్టడానికి వెనుకాడతాను.

రద్దు చెప్పిన తీరు

రద్దు తరువాత మాట తూలింది. అభిమానులు ఇంకా ఎక్కువగా ముందుకు వచ్చి ఉంటే బాగుండేదన్న భావంతో క్యాప్‌కామ్ యూరప్ ట్విట్టర్ ఖాతా నుంచి ఒక వ్యాఖ్య వెలువడింది. మంట అక్కడినుంచే అంటుకుంది. నెలల తరబడి ఓట్లు వేసి, బొమ్మలు గీసి పంపినవాళ్లకు, ఆట పోయింది మీవల్లే అన్నట్లు వినిపించింది. లక్ష మందిని కూడగట్టి ఆటను తిరిగి రప్పించాలని ఫేస్‌బుక్‌లో ఉద్యమం మొదలైంది. బారెట్ ప్రోటోటైప్‌ను ఉన్నదున్నట్లుగా అయినా విడుదల చేయమన్న విన్నపాలు ఏళ్ల తరబడి సాగాయి.

ఆ ఖాతా నడిపిన ఉద్యోగి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ప్రమాణాలు బహిరంగంగా లేనప్పుడు అభిమానులను ఎదుర్కొనే సిబ్బంది చేతిలో ఏముంటుంది? ఎందుకు అని అడిగితే చెప్పడానికి కారణం కావాలి. పైనుంచి కారణం రానప్పుడు కింద ఉన్నవాళ్లు తమకు తోచింది అల్లుతారు. నేను పనిచేసే చోట ప్రాజెక్టు ఆపేటప్పుడు ప్రకటన కన్నా ముందు తయారయ్యే కాగితం ప్రశ్నోత్తరాల పత్రం. అభిమానులతో మాట్లాడే చివరి ఉద్యోగి దాకా అది అందాకే వార్త బయటికి వెళుతుంది. అందులో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే, నిర్ణయం సంస్థది అని.

ప్రోటోటైప్ విషయంలో మాత్రం నేను అభిమానుల పక్షం. పూర్తి ఆట ఆపడానికి డబ్బు కారణం చాలు. విడుదలకు దగ్గరపడిన రెండు డాలర్ల ముక్కను కూడా తొక్కిపెట్టడానికి కారణం వేరే ఉండాలి. బహుశా అది బయటికి వస్తే మిగతాది ఎప్పుడన్న ఒత్తిడి పెరుగుతుందని భయపడి ఉంటారు. ఆ భయం అర్థం కానిది కాదు. కాని ఒత్తిడి ఎలాగూ తప్పలేదు.

అభిమానుల మద్దతుకు నిజమైన అంకె తరువాతి సంవత్సరాల్లో వేరే రూపంలో దొరికింది. ఇనఫునే 2013లో మైటీ నంబర్ 9 కోసం కిక్‌స్టార్టర్‌లో 9 లక్షల డాలర్లు అడిగితే 38 లక్షలకు పైగా వచ్చాయి. అది పాత పద్ధతి మెగా మ్యాన్‌ను తలపించే ఆట. 2015 జూలైలో, లెజెండ్స్‌ను తలపించే రెడ్ యాష్ కోసం 8 లక్షలు అడిగితే దాదాపు 5.2 లక్షల దగ్గర ఆగిపోయింది. మధ్యలో మైటీ నంబర్ 9 ఆలస్యాల వల్ల ఆయన మీద నమ్మకం సన్నగిల్లింది కాబట్టి, ఆ ఓటమిని పూర్తిగా లెజెండ్స్ ఖాతాలో వేయలేం. ప్రచారం ఇంకా నడుస్తుండగానే ఒక చైనా సంస్థ ఆటకు పెట్టుబడి పెడుతుందని చెప్పడంతో, ఇక మా డబ్బు ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. అయినా అక్కడ లక్ష్యం ముందే రాసి ఉంది, గడువు ముందే రాసి ఉంది, దాటకపోతే ఎవరి డబ్బు వాళ్లకే ఉండిపోతుందని అందరికీ తెలుసు. రెడ్ యాష్ ఓడిపోయినప్పుడు బాధపడ్డవాళ్లు ఉన్నారు గాని, ఏ లెక్క ప్రకారం ఓడించారని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.